మునస్వామి జేబులో జాబితా

మునిరత్నమ్మ లైబ్రరీ గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా ఆగిపోయింది. ఆమె అక్కడికి రావడం అదే మొదటిసారి. చెప్పులు చేత్తో పట్టుకుని, బీరువాలన్నీ ఒకసారి చూసి, మూల బల్ల దగ్గర కూర్చున్న అబ్దుల్ జబ్బార్‌ను గుర్తుపట్టింది.

"సాయిబూ, మావోణ్ణి కుప్పంలో పోలీసోళ్ళు పట్టకపోయినారంట" అంది.

జబ్బార్ లేచి నిలబడ్డాడు. పేపరు చదువుకుంటున్న ఇద్దరు ముసలివాళ్ళు తలెత్తి చూశారు. అతను గబగబా ఆమెను అరుగు మీదికి తీసుకుపోయాడు.

"మెల్లిగా చెప్పమ్మా. యాల పట్టుకున్నారు?"

"ఎద్దుల్ని కొన్నోళ్ళకి తోలిచ్చేదానికి పోయినాడు సామీ. తిరిగొచ్చేటప్పుడు రైల్టేషన్‌లో కూసోనుండాడంట. ఎవురో ఆడ గోడకి ప్రభుత్వం మీద కాయితాలు అంటించి పరిగెత్తినారంట. ఉండేటోళ్ళనందర్నీ సోదా జేస్తే మావోడి జేబులో చీటీ దొరికిందంట. అది మీరు రాసిచ్చిన చీటీనే గదా? మీరు పోయి ఒక్క మాట చెప్తే ఇడిచిపెడ్తారు సామీ."

"చూస్తాలేమ్మా, కనుక్కుంటా, నువ్వు ఊరికి పో" అని మాత్రం అనగలిగాడు. ఆమె అంతకంటే ఏదో వినాలని కాసేపు నిలబడి, తర్వాత చెప్పులు వేసుకుని బస్టాండు వైపు నడిచింది.

అది పందొమ్మిది వందల డెబ్బై అయిదు, అక్టోబరు నెల. ఎమర్జెన్సీ వచ్చి నాలుగు నెలలు. మదనపల్లెలో ఒక ట్యూటోరియల్ మాస్టారిని తీసుకుపోయారనీ, ఎక్కడ పెట్టారో ఇంట్లోవాళ్ళకే తెలియదనీ చెప్పుకుంటున్న రోజులు. జబ్బార్ పదకొండేళ్ళుగా పుంగనూరులో లైబ్రేరియను. ఎవరి జోలికీ పోనివాడు. కాఫీ హోటల్లో ఎవరైనా రాజకీయం ఎత్తితే కాఫీ సగంలో వదిలేసి వచ్చేవాడు. అటువంటివాడి చేతిరాత ఇప్పుడు పోలీసుల చేతిలో ఉంది.

మునిరత్నమ్మ మొగుడు మునస్వామిది రామసముద్రం పక్కన చిన్న పల్లె. ఆవులూ ఎద్దులూ సాకి అమ్ముకునే మనిషి. ముప్పై దాటాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నాడు. నేర్చుకున్న ఏడాదికి, ఒక సంతరోజు, పేడ అంటిన కాళ్ళు బయట కుళాయి కింద కడుక్కుని లోపలికొచ్చి, జబ్బార్ బల్ల ముందు నిలబడ్డాడు.

"సార్, మా తాత కాలంలో మన పక్క ఎట్లుండిందో మా అవ్వ చెప్పింది. ఆ పొద్దు మిగతా లోకమంతా ఏం జేస్తాండిందో చెప్పే పుస్తకం ఉండాదా?"

ఆ ప్రశ్న జబ్బార్‌ను నాలుగు రోజులు నిద్రపోనివ్వలేదు. అన్నేళ్ళలో నవలలు అడిగారు, పరీక్ష గైడ్లు అడిగారు, జాతకాల పుస్తకాలు అడిగారు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. చరిత్ర బీరువాలు రెండూ దింపి, దుమ్ము దులిపి, ఒక్కొక్కటే చదివి చూశాడు. పండితులు పండితుల కోసం రాసుకున్నవి పక్కన పెట్టాడు. రాజుల పేర్లూ తేదీలూ తప్ప ఏమీ లేనివి పక్కన పెట్టాడు. చదవడం కొత్తగా వచ్చినవాడు పది పేజీలకే విసిరికొట్టకుండా ఉండాలి, పటాలుండాలి, మామూలు మనుషులు ఏం తిన్నారో ఏం కట్టుకున్నారో కూడా ఉండాలి. అలా వడపోస్తే పది మిగిలాయి. నదుల పక్కన మొదటి ఊళ్ళు పుట్టడం దగ్గర్నుంచి, రోము, అరబ్బుల వర్తకం, సముద్రాలు దాటిన ఓడలు, ఫ్రెంచి విప్లవం, యంత్రాలు, రష్యా, చైనా, రెండు ప్రపంచ యుద్ధాలు, ఆఖరున ఆఫ్రికా. లైబ్రరీ కాగితం మీద వరస నంబర్లు వేసి, పైన 'సామాన్య పాఠకులు చదవదగిన ప్రపంచ చరిత్ర పుస్తకాలు' అని రాసి, కింద గుండ్రటి రబ్బరు స్టాంపు కొట్టి ఇచ్చాడు. బాగుందనిపించి ఇంకో నకలు రాసి నోటీసు బోర్డుకు కూడా అంటించాడు. దాన్ని చూసి ఇంకో ఇరవైమంది దాకా ఆ పుస్తకాలు పట్టుకుపోయారు.

మునిరత్నమ్మ వెళ్ళిన వెంటనే అతను చేసిన మొదటి పని నోటీసు బోర్డు మీది ఆ కాగితాన్ని గోళ్ళతో గీకి తీసేయడం. మూలలు అంటుకుని రాలేదు. తడిగుడ్డతో రుద్దాడు. ఇంటికి తీసుకుపోయి నీళ్ళ పొయ్యిలో వేశాడు. రెండో పని, ఎవరెవరు ఏ పుస్తకం తీసుకున్నారో రాసే రిజిస్టరును సంచీలో పెట్టి తెచ్చి, భార్య పెళ్ళి బట్టలుండే ట్రంకుపెట్టె అడుగున దాచడం.

రహీమున్నీసా గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది దక్కనీ ఉర్దూలో. "ఏమైంది జీ?" అని అడిగింది.

"ఏమీ కాలేదు."

"ఏమీ కాకపోతే లైబ్రరీ రిజిస్టరు నా పెట్టెలో ఎందుకు?"

అతను పెట్టెకు తాళం వేశాడు.

మరుసటి రోజు లైబ్రరీకి కొత్త మనిషి ఒకడు వచ్చాడు. తెల్ల చొక్కా, కింద మాత్రం పాలిష్ చేసిన ముదురు గోధుమరంగు బూట్లు. పేపరు తెరిచి మూడు గంటలు కూర్చున్నాడు. మూడు గంటల్లో ఒక్కసారి కూడా పేజీ తిప్పలేదు. జబ్బార్ బల్ల దగ్గర తలొంచుకుని, చిరిగిన పుస్తకాలకు జిగురు పూస్తూ కూర్చున్నాడు. ఒకే పుస్తకానికి మూడుసార్లు పూశాడు. బయట జీపు శబ్దం వినిపించినప్పుడల్లా జిగురు కుంచె ఆగిపోయేది. కొడుకు సర్దార్ బడి నుంచి వచ్చి వెనకనుంచి "అబ్బా" అని తండ్రిని పిలిస్తే ఉలిక్కిపడి జిగురు డబ్బా బోర్లా పడేశాడు.

మూడోరోజు పొద్దున అదే బూట్ల మనిషి, ఈసారి యూనిఫారంలో వచ్చి, "రేపు పదిగంటలకు మదనపల్లె రావాలంట. సారు పిలుస్తాండారు" అని చెప్పిపోయాడు.

ఆ సారు విచారణల కోసం బయటి జిల్లా నుంచి వచ్చిన పోలీసు అధికారి. మదనపల్లె శివార్లలో ఒక పాత బంగళాలో మకాం పెట్టాడు. జబ్బార్‌ను వరండా బల్ల మీద కూర్చోమన్నారు. పది అయింది, పన్నెండు అయింది, రెండు అయింది. మంచినీళ్ళు అడగడానికి కూడా అతనికి నోరు రాలేదు. లోపలి గదుల్లో ఎవరో దగ్గుతున్నారు. ఒకసారి ఏదో బరువైనది కింద పడిన చప్పుడైంది. ఆ తర్వాత దగ్గు వినిపించలేదు.

మూడింటికి లోపలికి పిలిచారు. అధికారి వయసు యాభై ఉంటుంది, కళ్ళ కింద నల్లటి చారలు. బల్ల మీద గాజు పేపర్‌వెయిట్ కింద ఆ జాబితా ఉంది. నాలుగు మడతలు పడి, చెమటకు మసకబారి.

"రాత నీదేనా?"

"నాదే సార్. నోటీసు బోర్డు కోసం రాసింది. ఎవరైనా తీసుకుపోవచ్చు."

"ఫ్రెంచి విప్లవం. రష్యా. చైనా. ఊళ్ళో వాళ్ళకు చదివించడానికి ఇంకేమీ దొరకలేదా నీకు?"

అధికారి జవాబు కోసం ఆగకుండా కాగితాన్ని అతని వైపు తిప్పాడు.

"సరే, ఇది చెప్పు. ఏడు నంబర్లకు పెన్సిలుతో టిక్కులున్నాయి. ఒక్కో టిక్కు పక్కన ఒక్కో తేదీ. ఆ తేదీల్లో ఏం జరిగింది? మీటింగులా? ఎక్కడ?"

జబ్బార్‌కు ఆ టిక్కులు తెలుసు. ఒక్కో పుస్తకం తిరిగి ఇచ్చిన రోజు మునస్వామి ఆ కాగితం మడతలు విప్పి, జబ్బార్ బల్ల మీది పెన్సిలు అడిగి తీసుకుని, నాలుక చివర బయటపెట్టి, బడిపిల్లవాడిలా తేదీ వేసుకునేవాడు. ఆ సంగతి ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు. కానీ చెబితే మునస్వామి తెలుసని ఒప్పుకున్నట్టు. తెలిస్తే ఎంత తెలుసని అడుగుతారు. అతని సభ్యత్వ ఫారం మీద జామీను సంతకం ఎవరిదని అడుగుతారు. పశువులు కాసేవాడికి జామీను ఉండడానికి ఊళ్ళో ఎవరూ ఒప్పుకోకపోతే, ఆ సంతకం పెట్టింది జబ్బారే.

"నాకు తెలీదు సార్" అన్నాడు.

అధికారి గంట కొట్టాడు. ఇద్దరు పోలీసులు మునస్వామిని తెచ్చి గుమ్మంలో నిలబెట్టారు. ఎడమకాలు నేల మీద ఆనించలేక, గోడ పట్టుకుని ఉన్నాడు. పెదవి వాచి ఉంది. జబ్బార్‌ను చూడగానే ఆ ముఖంలో ఏదో వెలిగింది.

"ఇతను తెలుసా?"

గదిలో ఫ్యాను కిర్రుమని తిరుగుతోంది. జబ్బార్ ఆ ఫ్యాను వైపే చూశాడు.

"సంతరోజు శానామంది వస్తారు సార్. ఈయన ఎవరో నాకు గుర్తు లేదు."

మునస్వామి తల దించుకున్నాడు. అంతే. తీసుకుపోయారు. జబ్బార్‌ను పొమ్మన్నారు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. బతికి బయటపడ్డానన్న తేలిక మొదటి మైలు రాయి దాకా కూడా నిలవలేదు. ఆ తర్వాత ఇంకో రకం భయం మొదలైంది. ఇంతవరకు ఉన్నది తనకేమవుతుందోనన్న భయం. ఇది తను ఏమైపోయాడోనన్న భయం. ఆ తేదీలు మీటింగుల తేదీలని రాసుకుంటే మునస్వామిని విచారణ లేకుండా జైల్లో పెట్టే మీసా చట్టం కింద లోపల వేస్తారు. ఎన్నేళ్ళకు వదులుతారో చెప్పే నాథుడు లేడు. ఆ తేదీలంటే ఏమిటో చెప్పగలిగిన మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ ఇప్పుడు బస్సులో కూర్చుని పుంగనూరు పోతున్నాడు.

ఇంటికి వెళ్ళకుండా నేరుగా లైబ్రరీకి వెళ్ళి తాళం తీశాడు. సొరుగులోంచి మునస్వామి సభ్యత్వ ఫారం, దానికి గుచ్చి ఉన్న కార్డు బయటికి తీశాడు. పుస్తకం వెనక్కి వచ్చిన ప్రతిసారీ ఆ కార్డు మీద స్టాంపు పడుతుంది. ఏడు స్టాంపులు, ఏడు తేదీలు. వాటిని పట్టుకుని ఇంటికి పోయి రహీమున్నీసాకు మొత్తం చెప్పాడు. మునస్వామి ముఖం చూసి తెలియదన్న సంగతి చెప్పేటప్పుడు మాత్రం గోడవైపు తిరిగి చెప్పాడు.

ఆమె చాలాసేపు ఏడ్చింది. "పోవద్దు జీ" అంది. "ఆయనకూ పెళ్ళాం ఉంది, నిజమే. మనకు సర్దార్ ఉన్నాడు. జామీను సంతకం నీదేనని తెలిశాక వాళ్ళు నిన్ను వదులుతారా? పైగా మనవి ముస్లిం పేర్లు, అది కూడా ఆలోచించు." అతని చేతిలోంచి ఫారం లాక్కుని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది. జబ్బార్ ఎదురు చెప్పలేదు. నిజం చెప్పాలంటే, ఆమె అలా అన్నందుకు మనసులో కొంచెం సంతోషించాడు కూడా.

తెల్లవారి అతను లేచేసరికి ఆమె రొట్టెలు చేసి గుడ్డలో కట్టింది. పక్కన ఒక సంచీ. అందులో రెండు జతల బట్టలు, తువ్వాలు, బనియన్లు, అతని కడుపునొప్పి మాత్రలు. పైన ఆ ఫారం.

"ఎన్నాళ్ళుంచుతారో తెలియదు కదా" అంది, అతని వైపు చూడకుండా.

బస్సు మదనపల్లెలో ఆగినప్పుడు అతను సంచీ పట్టుకుని కూర్చునే ఉన్నాడు. కండక్టరు రెండుసార్లు కేకేశాడు. బంగళా దాకా నడిచిన దూరం అతనికి తర్వాత ఎప్పుడూ గుర్తు రాలేదు.

అధికారి అతన్ని చూసి కనుబొమ్మలు ఎగరేశాడు.

"నిన్న తెలియదన్నావు."

"భయపడి చెప్పినాను సార్. ఇప్పుడూ భయంగానే ఉండాది" అన్నాడు జబ్బార్. ఫారమూ కార్డూ బల్ల మీద పెట్టాడు. "ఆయన మా పాఠకుడు. ఆ తేదీలు పుస్తకాలు వాపసు ఇచ్చిన తేదీలు. స్టాంపులతో సరిచూసుకోండి. జామీను సంతకం నాది."

అధికారి ఒక్కో తేదీ మీద వేలు పెట్టి చూశాడు. ఏడూ చూశాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇంకా ఎవరెవరు చదివారు ఇవి? రిజిస్టరు ఏది?"

"చెదలు తినేసినాయి సార్."

ఆ అబద్ధం అంత సులభంగా ఎలా వచ్చిందో జబ్బార్‌కే తెలియలేదు. ట్రంకుపెట్టె అడుగున ఇరవై మంది పేర్లు ఉన్నాయి. వాళ్ళలో బడిపంతుళ్ళున్నారు, ఒక దర్జీ ఉన్నాడు, పదో తరగతి చదివే ఆడపిల్ల ఉంది.

"ఈ ఫ్రెంచి విప్లవం పుస్తకంలో రాజు తల నరికారా లేదా?"

"నరికినారు సార్."

"మరి ఇది చదివినవాడు ఏం చేస్తాడు?"

జబ్బార్ ఆలోచించాడు. భయంలో కూడా అతనికి అది జవాబు చెప్పవలసిన ప్రశ్నగానే తోచింది. "మునస్వామి అది చదివి వచ్చి, ఆ కరువులో ఆ దేశంలో ఆవులకి గడ్డి యాడ దొరికిందని అడిగినాడు సార్. పుస్తకంలో లేదని చెప్పినా."

చెంప మీద దెబ్బ పడేదాకా అధికారి లేచిన సంగతి అతను చూడలేదు. కళ్ళజోడు ఎగిరి గోడకు తగిలింది. ఆ జవాబు తమాషా అనుకున్నాడో, ఇంకేమనుకున్నాడో. జబ్బార్‌ను పక్క గదిలో పెట్టి తాళం వేశారు. రెండు రోజులు ఉంచారు. మళ్ళీ కొట్టలేదు గానీ, నడవాలో అడుగుల చప్పుడు వినిపించిన ప్రతిసారీ అతను లేచి గోడకు ఆనుకుని నిలబడేవాడు. రెండో రోజు సాయంత్రం ఒక వాంగ్మూలం రాయించుకుని, పగిలిన కళ్ళజోడు చేతిలో పెట్టి పంపేశారు. మునస్వామిని ఆ తర్వాత తొమ్మిది రోజులకు వదిలారు. అతనితోపాటు స్టేషన్‌లో పట్టుకున్న మరో ఇద్దరు మాత్రం ఏడాదిన్నర దాకా ఇళ్ళకు రాలేదు.

పై ఆఫీసు నుంచి జబ్బార్‌కు ఒక మెమో వచ్చింది. రెండు నెలలకు కుప్పం బదిలీ అయింది. అక్కడ అతను ఏ పుస్తకం ఎవరికీ బాగుందని చెప్పలేదు. అడిగినది తీసి ఇచ్చేవాడు, లేకపోతే లేదనేవాడు. ఎమర్జెన్సీ పోయింది, ఎన్నికలయ్యాయి, జైళ్ళలో ఉన్నవాళ్ళు వచ్చేశారు. అతనిలో మాత్రం అది పోలేదు. తలుపు కాస్త గట్టిగా కొడితే చెంప మీదికి చెయ్యి పోయేది. మునస్వామికి ఒక ఉత్తరం రాయాలని చాలాసార్లు అనుకున్నాడు. రాసిన కాగితం ఎవరి జేబులో ఎక్కడ తేలుతుందోనని మానుకున్నాడు.

డెబ్బై తొమ్మిదిలో, మాఘమాసపు ఎండలో, మునస్వామే కుప్పం వచ్చాడు. పాడి ఆవును అమ్మడానికి వచ్చి, పని అయ్యాక లైబ్రరీ ఎక్కడని అడుగుతూ వచ్చాడు. ఎడమకాలు కొంచెం ఈడుస్తున్నాడు. ఇద్దరూ మధ్యాహ్నం రైలుకు గంట ముందే స్టేషన్‌కు పోయి, వేపచెట్టు నీడలో సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. అదే స్టేషన్. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

చివరికి జబ్బారే అన్నాడు. "ఆ పొద్దు నేను నిన్ను తెలీదంటిని మునస్వామీ."

"అన్నారు సార్."

"నీ మొగం చూస్తానే అంటిని."

మునస్వామి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "సార్, మీరు వచ్చేదానికి రెండు దినాల ముందరే నేను మీ పేరు చెప్పేసినా. ఈ చీటీ ఎవురిచ్చిరిరా అని అడిగినారు. రెండో దెబ్బకే చెప్పేసినా. స్టాంపు కూడా సూపించినా. మీరు ఆ గదిలో కనపడంగానే పానం లేచొచ్చినట్టుండె, ఎంటనే అయ్యో నేనే కదా ఈయన్ని పిలిపిస్తినని తల ఎత్తలేకపోతిని. మీరు తెలీదంటే నాకు కోపం రాలేదు సార్. పోనీలే ఈయనన్నా తప్పించుకున్నాడనుకుంటి. మర్రోజు మీరు మళ్ళా వచ్చినారని కానిస్టేబులు చెప్తే, అప్పుడు ఏడిస్తి."

జబ్బార్‌కు మూడేళ్ళుగా మోస్తున్న మాటలన్నీ ఒక్కసారి ఖాళీ అయిపోయినట్టనిపించింది. "ఇప్పుడేం చదువుతాండావు?" అని అడిగాడు.

"చదవడం లేదు సార్. పుస్తకం పట్టుకుంటే అరచేతులు చెమట పట్తాయి. మునిరత్నమ్మ కూడా ఇంట్లో కాయితం కనపడితే పొయ్యిలో పెడ్తాది." కొంచెం సిగ్గుపడుతూ నవ్వాడు. "రష్యాదాకా చదివినా గదా. చైనా వాళ్ళ సంగతి మిగిలిపాయ. మీరు చెప్పండి, వింటా. వింటే ఎవురూ పట్టుకోరు గదా."

జబ్బార్ అటూ ఇటూ చూశాడు. ప్లాట్‌ఫారం మీద వేరుశనక్కాయలమ్మే ముసలామె తప్ప దగ్గర్లో ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించాడు. అక్కడి పసుపు నది గురించీ, అది గట్లు తెంచుకుని ఊళ్ళు ముంచేయడం గురించీ, కౌలు కట్టలేక పిల్లల్ని అమ్ముకున్న రైతుల గురించీ చెప్పసాగాడు. మునస్వామి ముందుకు వంగి, చెయ్యి గడ్డం కింద పెట్టుకుని విన్నాడు. మధ్యలో ఆ రైతులు ఏ పశువులతో దున్నుతారని అడిగాడు. దున్నలతోనని చెబితే తృప్తిగా తల ఊపాడు.

బంగారుపేట వైపు పోయే రైలు కూత వినిపించేసరికి జబ్బార్ ఇంకా చైనా రాజు గద్దె దిగిపోయిన చోటికి కూడా రాలేదు. మునస్వామి లేవలేదు.

"సాయంత్రం ఇంకోటి ఉండాదిలే సార్" అన్నాడు. "కానీయండి."